వృద్ధుల గ్రామాల షేర్లు: లాభం లెక్కలోనా, గల్లాలోనా?

మిర్చి వర్తకుడు ఒకడు శీతల గిడ్డంగిలో వెయ్యి బస్తాలు నిల్వ పెట్టాడనుకుందాం. ఏడాది చివర యార్డులో ధర క్వింటాలుకు రెండు వేలు పెరిగింది. ఒక్క బస్తా కూడా కదలలేదు. అయినా గుమాస్తా ఆ పెరుగుదలనంతా ఆ సంవత్సరపు లాభం కింద ఖాతాలో రాశాడు. ఆ లాభం చూసి బ్యాంకు అప్పు ఇస్తుందేమో గాని, దానితో హమాలీకి కూలి చెల్లించడం కుదరదు. న్యూజీలాండ్‌లో వృద్ధులకోసం రిటైర్మెంటు విలేజీలు నడిపే కంపెనీల షేర్లు చూసేవారు ముందుగా ఈ గుమాస్తాను గుర్తుంచుకోవాలి. అతను చేసినది అక్కడ మోసం కాదు. లెక్కల ప్రమాణాలు అనుమతించిన పద్ధతే.

ఆ దేశంలో 75 ఏళ్లు దాటినవారిలో సుమారుగా ఏడుగురికి ఒకరు ఇటువంటి విలేజీలలో నివసిస్తున్నారు. ఇళ్లు, తోట, వైద్యసాయం, మంచాన పడితే చూసుకునే విభాగం, అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. రైమన్ హెల్త్‌కేర్ 1984లో క్రైస్ట్‌చర్చిలో ప్రారంభమై 1999లో షేర్ల మార్కెట్టుకు వచ్చింది. సమ్మర్‌సెట్ 2011లోను, ఓషియానియా 2017లోను వచ్చాయి. ముసలివారి సంఖ్య ఏటేటా పెరుగుతున్నది కనుక గిరాకీకి లోటు లేదన్నది ఈ షేర్ల తేజీకి ఆధారమైన వాదన. వాదనలో తప్పు లేదు. కాని గిరాకీ ఉన్నంత మాత్రాన షేరుదారుకు రాబడి ఉంటుందనుకోవడం తొందరపాటు.

వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. ఇక్కడ ఇల్లు అమ్మరు, అద్దెకూ ఇవ్వరు. వచ్చినవారు పెద్ద మొత్తం ఒకేసారి చెల్లించి, జీవితాంతం ఉండే హక్కు మాత్రం పొందుతారు. ఇల్లు కంపెనీదే. వారు వెళ్లిపోయినా, కాలం చేసినా, మొదట కట్టిన మొత్తంలోనుంచి నిర్వహణ రుసుము కింద 20 నుంచి 30 శాతం వరకు కోసుకుని మిగిలినది తిరిగి ఇస్తారు. వడ్డీ ఉండదు. ఇంటి ధర పెరిగితే ఆ పెరుగుదల సాధారణంగా కంపెనీకే చెందుతుంది. తగ్గితే నష్టమూ చాలా ఒప్పందాలలో కంపెనీదే.

ఉదాహరణకు ఒక పెద్దావిడ 6,00,000 డాలర్లు కట్టి చేరి, ఎనిమిదేళ్లు ఉన్నదనుకుందాం. రుసుము 30 శాతం, అంటే 1,80,000. ఆమె వారసులకు 4,20,000 ముడుతుంది. అదే ఇల్లు కొత్తవారికి 8,00,000కు ఇస్తే కంపెనీ గల్లాలో 3,80,000 మిగులుతుంది. ఇందులో ఇంటి మరమ్మతు ఖర్చు పోవాలి. వారంవారం వసూలు చేసే రుసుము చాలాచోట్ల విలేజీ నడపడానికే సరిపోదు. కాబట్టి అసలు ఆదాయం ఇల్లు చేతులు మారిన రోజే. అది ఎనిమిదేళ్లకో పదేళ్లకో ఒకసారి. ఈలోగా ఆ 6,00,000 వడ్డీలేని డిపాజిట్టులా కంపెనీ చేతిలో ఉంటుంది. ఏ షావుకారుకైనా ఆశ పుట్టించే ఏర్పాటే.

చిక్కు ఎక్కడంటే, ఎనిమిదేళ్ల తరువాత రాబోయే ఆ సొమ్ముకు ఈనాటి విలువ ఎంతో మదింపుదారులు ఏటా అంచనా కడతారు. పట్టణంలో ఇళ్ల ధరలు పెరిగితే ఆ అంచనా పెరుగుతుంది. ఆ పెరుగుదల లాభనష్టాల పట్టికలోకి వస్తుంది. అందుకే అక్కడి కంపెనీలు పుస్తక లాభంతోబాటు, మదింపులు తీసివేసిన "మూల లాభం" అని మరొక అంకె కూడా ప్రకటిస్తూ వచ్చాయి. ఈ రెండోది ప్రమాణాలలో నిర్వచించినది కాదు, ఏ కంపెనీ లెక్క దానిది. పైగా అందులోనూ కొత్తగా కట్టిన ఇళ్ల మీద వచ్చే మిగులు కలిసి ఉంటుంది. కట్టడానికి ముందుగా ఖర్చయిన రొక్కం ఎక్కడినుంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు.

రైమన్ చరిత్ర ఇందుకు పాఠం. 2022 మార్చితో ముగిసిన సంవత్సరానికి ఆ కంపెనీ చూపిన పుస్తక లాభం 69 కోట్ల న్యూజీలాండ్ డాలర్లకు పైమాటే. మూల లాభం సుమారు 25.5 కోట్లు. ఆ సంవత్సరం లెక్కలు ముగిసిన పదకొండు నెలలకే, 2023 ఫిబ్రవరిలో, షేరు 5 డాలర్ల చొప్పున 90.2 కోట్ల డాలర్లు కావాలని షేరుదారుల ముందుకు రావలసి వచ్చింది. అమెరికాలో జారీచేసిన రుణపత్రాలు తీర్చడం అందులో ముఖ్యమైన అవసరం. డివిడెండు ఆగిపోయింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ 100 కోట్లు, ఈసారి షేరు 3.05 డాలర్లకే. 2023కు ముందు 50 కోట్లు ఉన్న షేర్లు ఈ రెండు విడతలతో 100 కోట్లు దాటాయి. విలేజీలలో చేరేవారు లేక ఇలా జరగలేదన్నది గమనించదగిన విషయం.

కారణం అప్పు. స్థలం కొని, అప్పుతో కట్టి, మొదటి విడత ఇళ్లు ఇవ్వగానే వచ్చిన సొమ్ముతో అప్పు తీర్చి, మరో స్థలం కొనడం వీరి పద్ధతి. చక్రం తిరిగినంతకాలం బాగుంటుంది. 2021 చివర ఇళ్ల ధరలు శిఖరం చేరి, ఆ తరువాత 15 శాతానికి పైగా పడిపోయాయి. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు 0.25 శాతం నుంచి 2023 మే నాటికి 5.5 శాతానికి వెళ్లింది. విలేజీకి రాదలచిన పెద్దాయన ముందు తన సొంత ఇల్లు అమ్ముకోవాలి. అది అమ్ముడు కాకపోతే ఆయన రాడు. ఆయన రాకపోతే కట్టిన ఇల్లు ఖాళీ. ఖాళీ ఇంటి మీద వడ్డీ మాత్రం ఆగదు. గిడ్డంగిలో పేరుకున్న సరకు సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

పుస్తక విలువకన్నా తక్కువకు దొరుకుతున్నది కదా, చవకే కదా అనేవారు ఉంటారు. వారి పక్షానా సాక్ష్యం లేకపోలేదు. మెట్‌లైఫ్‌కేర్‌ను 2020లో స్వీడన్‌కు చెందిన ఇ.క్యు.టి. షేరు 6 డాలర్లకు మొత్తంగా కొనేసింది. అర్విడా బోర్డు 2023లో 1.70 డాలర్ల బేరాన్ని చాలదని తోసిపుచ్చింది. షేరు అంతకంతకూ దిగజారగా, 2024లో అదే 1.70కి అమెరికా సంస్థ స్టోన్‌పీక్ అడిగితే ఒప్పుకుంది. అప్పటి మార్కెట్టు ధరమీద అది సుమారు 65 శాతం ఎక్కువ. దిగువన పట్టుకున్నవారికి లాభమే. కాని మొత్తం కంపెనీని కొని పదేళ్లు ఓపిక పట్టగల పెద్ద నిధి ఒకటి, కొత్త షేర్ల జారీ వచ్చినపుడల్లా జేబు తడుముకోవలసిన చిన్న మదుపుదారు మరొకటి. మా ఉద్దేశంలో పుస్తక విలువలో తగ్గింపు ఒక్కటే కొనుగోలుకు కారణం కారాదు.

చట్టం సంగతి కూడా తేలలేదు. ఇంట్లోవారు వెళ్లిపోయిన తరువాత వారి సొమ్ము, ఆ ఇంటికి కొత్తవారు దొరికేదాకా చాలా ఒప్పందాలలో చేతికి రాదు. దీనిపై వారసుల ఫిర్యాదులు పాతవే. 2003 నాటి విలేజీల చట్టంపై అక్కడి ప్రభుత్వం 2023లో సమీక్ష చేపట్టింది. తిరిగి చెల్లించడానికి గడువు విధిస్తే, న్యాయం నివాసులకు దక్కుతుంది, ఆ మేరకు కంపెనీలు రొక్కం నిలవ ఉంచుకోవాలి.

మన దేశంలోని వృద్ధుల నివాసాలకు ఈ లెక్క అన్వయించరాదు. ఇక్కడ ఆషియానా హౌసింగ్ వంటి సంస్థలు సాధారణంగా ఇల్లు రిజిస్టరు చేసి అమ్మేస్తాయి. ఆదాయం బిల్డరుకు వచ్చినట్టు ఒకసారే వస్తుంది, ధర పెరిగితే కొన్నవారిదే. అందువల్ల ఆ షేరును రియల్ ఎస్టేటు షేరుగానే చూడాలి. అక్కడి షేర్లే కావాలంటే రిజర్వు బ్యాంకు పథకం కింద వ్యక్తికి ఏడాదికి 2,50,000 అమెరికన్ డాలర్ల పరిమితి ఉన్నది. న్యూజీలాండ్ డాలరు మారకపు ఒడిదుడుకు అదనం.

లాభం అంకె పక్కనపెట్టి చూడవలసినవి నాలుగైదు కన్నా లేవు: కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లెన్ని, ఆ కాలంలో కొత్తగా ఇచ్చినవెన్ని, తిరిగి ఇచ్చినవెన్ని, అప్పు పెరిగిందా తగ్గిందా, డివిడెండు రొక్కంలోంచి వచ్చిందా బ్యాంకులోంచి వచ్చిందా. సమ్మర్‌సెట్ కొత్త ఇళ్లు, తిరిగి ఇచ్చిన ఇళ్ల సంఖ్యను మూడు నెలలకోసారి, లాభం లెక్కల కన్నా ముందే ప్రకటిస్తున్నది. ఆ కంపెనీ సంవత్సరం డిసెంబరుతోను, రైమన్‌ది మార్చితోను ముగుస్తుంది కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఏ నెలల అంకెలో సరిచూసుకోవాలి.