మీకు తెలుసా? కెటమిన్ అని మలేరియా మందు అమ్మారు!

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో 2016లో ‘సీక్రెట్ గార్డెన్ పార్టీ’ సంగీతోత్సవం జరిగింది. అక్కడికొచ్చినవాళ్లు తమ దగ్గరున్న డ్రగ్స్‌ను తెచ్చి ఇస్తే ‘ద లూప్’ సంస్థ పరీక్షించి, అందులో ఏముందో చెప్పింది. బ్రిటన్ ఉత్సవాల్లో ఇలాంటి సేవ అదే మొదటిసారి. కెటమిన్ పేరుతో మలేరియా మందు, మాత్రల రూపంలో కాంక్రీటు కూడా బయటపడ్డాయి! పరిశోధకురాలు ఫియోనా మీషమ్ లెక్క ప్రకారం, ప్రతి అయిదు నమూనాల్లో ఒకటి చెప్పి అమ్మిన సరుకు కాదు. అలా మోసపోయినవాళ్లలో మూడింట రెండొంతుల మంది తమ దగ్గర మిగిలిందీ వదిలేశారు.

అయితే ఈ అంకెలను ఉత్సవం మొత్తానికి వర్తింపజేయడం తొందరపాటే. పరీక్షకు తెచ్చేది ఎక్కువగా అనుమానం వచ్చినవాళ్లే కదా! నిశ్చింతగా మింగేసినవాళ్లు ఈ లెక్కలోకి రానే రారు.