మంద్రధ్వనికి మందపు తీగ

అండమాన్ నికోబార్ దీవులకు ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో అనుసంధానం లేదు. కరెంటులో అధికభాగం డీజిల్ జనరేటర్లదే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో వినాయక చవితి వేదిక కట్టే తెలుగువారైనా, వార్షికోత్సవం జరిపే ఉద్యోగులైనా సబ్‌వూఫర్ల విషయంలో ముందుగా లెక్క చూసుకోవలసినది ఇందుకే.

సుమారు 100 హెర్ట్జ్‌లకు దిగువనున్న మంద్రస్వరాలను పలికించే ఈ పెట్టెలే ధ్వని వ్యవస్థలో అత్యధిక శక్తిని కోరుతాయి. 8 ఓమ్‌ల పెట్టెలు రెండింటిని సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు. ఆంప్లిఫయరు నుండి 50 మీటర్ల దూరం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ లాగితే, రానూపోనూ 100 మీటర్లకు నిరోధం సుమారు 0.7 ఓమ్. పెట్టెలకు అందే శక్తి నాలుగోవంతుకు పైగా తగ్గిపోతుంది! శ్రోతలు బేస్ చాలలేదంటారు, నిర్వాహకులు వాల్యూమ్ పెంచుతారు, జనరేటరు మూలుగుతుంది. మరో రెండు పెట్టెలు అద్దెకు తేవడం దీనికి మందు కాదు. ఆంప్లిఫయరునే పెట్టెల చెంతకు చేర్చి తీగను 10 మీటర్లకు కుదిస్తే తగ్గుదల 7 శాతం లోపే. మిక్సరు నుండి వచ్చే బ్యాలెన్స్‌డ్ కేబులు మిగిలిన దూరాన్ని సునాయాసంగా దాటుతుంది.

డోలు దెబ్బ పడినప్పుడల్లా ఆంప్లిఫయరు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. కనుక దీపాలంకరణకు వేరే లైను ఉండాలి.

గుయ్‌మనే హమ్ పోవడానికి ఎర్తు పిన్ను తీసివేసేవారున్నారు. చవితి నైరుతి వానల కాలం. తడినేలపై నిలబడి లోహపు మైకు పట్టే గాయకునికి అది ప్రాణాంతకం.

ఉప్పుగాలికి పచ్చబారిన తీగ కొసలను కత్తిరించి కొత్తగా బిగించాలి. తగరపు పూత తీగైతే మరింత మన్నుతుంది.