థైమస్‌లో సీటు ఖరారయ్యేది ఇలా!

మదనపల్లెలో బీఎస్సీ పూర్తిచేసి సీఎస్‌ఐఆర్ నెట్‌కి కూర్చున్నారా? యూనిట్-4లో ఇమ్యునాలజీ రాగానే పేజీ తిప్పేస్తున్నారా? ఆగండి, ఆ పాఠం మీ ఊరిదే. 1915లో ఆరంభమైన ఆరోగ్యవరం క్షయ శానటోరియం పక్కనే ఉంది. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. ఆ టీకా ఆధారపడేది ప్రధానంగా టీ కణాల మీద. అవి తయారయ్యేది రొమ్ము ఎముక వెనకున్న థైమస్‌లో.

ఎముక మజ్జ నుంచి వచ్చిన కుర్ర కణం మీద సీడీ4, సీడీ8 రెండూ ఉండవు. మొదటి చీలిక ఇక్కడే: ఆల్ఫా-బీటా రిసెప్టరా, గామా-డెల్టానా? మనుషుల రక్తంలో రెండో రకం కొద్దిగానే ఉంటుంది, ఆవు దూడల్లో చాలా ఎక్కువ. పుంగనూరు ఆవుల మధ్య పెరిగి వెటర్నరీ వైపు చూస్తున్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఆల్ఫా-బీటా దారి పట్టిన కణానికి తర్వాత సీడీ4, సీడీ8 రెండూ వస్తాయి. అప్పుడది ఎంహెచ్‌సీ అణువులను పట్టుకుని చూపించాలి. పట్టు దొరక్కపోతే మూడు నాలుగు రోజుల్లో చావే. మరీ గట్టిగా పట్టుకుంటే సొంత శరీరం మీదే దాడి చేసే ప్రమాదముంది కాబట్టి అలాంటివీ చాలావరకు తొలగిపోతాయి. గట్టెక్కేవి నూటికి ఐదుకు మించవని అంచనా. డీఎస్సీయే నయమనిపిస్తుంది!

క్లాస్-2ను పట్టుకుంటే సీడీ4, క్లాస్-1 అయితే సీడీ8 అని అందరం బట్టీపడతాం. 'ఎలా?' అంటేనే నోరు మెదపం. ఆల్ఫ్రెడ్ సింగర్ బృందం చెప్పిన కైనెటిక్ సిగ్నలింగ్ ప్రకారం, సిగ్నల్ అందగానే కణం ముందు సీడీ8ను తగ్గించుకుంటుంది. అయినా సిగ్నల్ ఆగకుండా వస్తోందా? అయితే పట్టుకున్నది క్లాస్-2నే. టీహెచ్‌పాక్ అనే ప్రొటీన్ దాన్ని సహాయక కణంగా స్థిరపరుస్తుంది. సిగ్నల్ తెగిందా? ఐఎల్-7 అండతో రన్‌ఎక్స్3 పైచేయి సాధిస్తుంది, సీడీ8 హంతక కణం తయారవుతుంది. సిగ్నల్ ఎంత బలంగా ఉందనే కాదు, ఎంతసేపు నిలిచిందన్నదీ లెక్కే. టీహెచ్‌పాక్ పనిచేయని ఎలుకల్లో క్లాస్-2ను పట్టుకున్న కణాలూ సీడీ8 వైపు మళ్లుతాయని 2005లో తేలింది.

దీంతో ఉద్యోగమేంటంటారా? కుప్పంలో మెడిసిన్, ల్యాబ్ కోర్సులు చదివేవాళ్లకైతే హెచ్‌ఐవీ రోగుల సీడీ4 లెక్క, రక్త క్యాన్సర్ల నిర్ధారణ. రెంటికీ ఫ్లో సైటోమీటర్ వాడటం వచ్చినవాళ్లు కావాలి. 2023లో మన దేశంలో అనుమతి పొందిన కార్-టి చికిత్స నెక్స్‌కార్19 కూడా టీ కణాలతో చేసేదే. పరిశోధన వైపు వెళ్తే జేఆర్‌ఎఫ్ కింద నెలకు రూ.37,000 వస్తుంది.

పార్ట్-సీలో బట్టీ పనిచేయదు. ఈ ఆదివారం ఓ ప్రశ్నతో మొదలుపెట్టండి: ఎంహెచ్‌సీ క్లాస్-2 లేని ఎలుకలో ఏ కణాలు తగ్గుతాయి? పుస్తకం మూసి, బొమ్మ గీసి చెప్పండి.