ఇల్లు అల్లాహ్ అప్పగించిన అమానత్

మనకు ప్రాణాన్ని, తలదాచుకోవడానికి ఒక నీడను, ఆ నీడలో తోడుగా ఆలుబిడ్డలను ప్రసాదించిన అల్లాహ్‌కు సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆ మహనీయుని కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!



ఒక ఇంట్లో ప్రమాదం జరిగి ప్రాణం పోయినప్పుడు పరామర్శకు వెళ్ళిన వారు సాధారణంగా పలికే మాట ఒకటుంది: “అంతా తఖ్దీర్.” ఆ మాట సత్యమే. విధివ్రాతను విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. అయితే గుండె పగిలిన తల్లిని ఓదార్చడానికి ఆ మాట పలకడం వేరు. తెగిన కరెంటు తీగను ఆరు నెలలుగా చూస్తూ ఊరుకున్నవాడు తన నిర్లక్ష్యాన్ని దాని చాటున దాచుకోవడం వేరు. మొదటిది విశ్వాసం. రెండవది అల్లాహ్ పేరు మీద చెప్పే సాకు. ఈ తేడాను గ్రహించి, మన ఇళ్ళను ఎలా కాపాడుకోవాలో తెలుసుకోవడమే నేటి ప్రసంగ ఉద్దేశం.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, కట్టకుండానే వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టి ఆ తరువాత నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ఈ ఉదంతం తిర్మిజీ గ్రంథంలో ఉంది. సూరా యూసుఫ్ 67వ ఆయత్‌లో హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారులను ఒకే ద్వారం గుండా కాక వేర్వేరు ద్వారాల గుండా నగరంలో ప్రవేశించమన్నారు. ఆ వెంటనే, అల్లాహ్ నిర్ణయాన్ని తాను తప్పించలేనని, తన భరోసా ఆయనపైనే అని కూడా స్పష్టం చేశారు. జాగ్రత్త, భరోసా ఒకే నోట, ఒకే ఆయత్‌లో పక్కపక్కనే నిలిచాయి.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రాంతానికి వెళుతూ, అక్కడ ప్లేగు వ్యాపించిందని విని దారిలోనే వెనుదిరిగారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. తప్పుకోవడం కూడా దైవనిర్ణయంలోనిదేనని ఖలీఫా సమాధానమిచ్చారు. కనుక వ్యాధి తఖ్దీర్ అయితే దాని నివారణ కూడా తఖ్దీరే. నిప్పు తఖ్దీర్ అయితే దానిని ఆర్పే చేయి కూడా తఖ్దీరే. ఆ చేయిని అల్లాహ్ మనకిచ్చాడు. దానిని ఎలా వాడామన్నదే రేపు ప్రశ్న.

రాత్రి వేళ ఇంటికి సున్నత్

నిద్రకు ముందు తలుపులు మూయమని, పాత్రలపై మూతలు పెట్టమని, దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఎలుక దీపపు వత్తిని లాక్కుపోయి ఇంటిని తగలబెట్టవచ్చునని కారణం కూడా వివరించారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని వారితో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మనకు శత్రువని, దానిని ఆర్పకుండా నిద్రించవద్దని హెచ్చరించారు. ఈ హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి.

నేడు మన ఇళ్ళలో వత్తి దీపం లేదు. దాని స్థానంలో గ్యాస్ సిలిండరు, దోమల కాయిల్, పరుపు మీద ఛార్జింగుకు పెట్టిన ఫోను ఉన్నాయి. వంట గ్యాస్ గాలి కంటే బరువైనది. లీకయితే పైకి పోక నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. వాసన వస్తే స్విచ్ వేయరాదు, వేసినది తీయరాదు. ఆ చిన్న రవ్వ చాలు. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెరచి, అందరూ బయటికి వచ్చిన తరువాతే 1906కు ఫోన్ చేయాలి.

2023 ఏప్రిల్ 12న మన ఖమ్మం జిల్లా కారేపల్లి మండలం చీమలపాడులో జరిగిన విషాదం మీకు గుర్తుండే ఉంటుంది. ఒక సభ సందర్భంగా కాల్చిన బాణసంచా నిప్పురవ్వలు గుడిసెపై పడ్డాయి. మంటలు ఆర్పడానికి జనం పరుగెత్తుకు వెళ్ళారు. లోపలి సిలిండరు పేలి ప్రాణాలు పోయాయి, అనేకులు గాయపడ్డారు. మన వేడుకలోని రవ్వ ఎవరి కప్పు మీద పడుతుందో చూడవలసిన బాధ్యత మనదేనని, మంటల్లో సిలిండరు ఉందని తెలిసినప్పుడు గుంపును దూరంగా నిలపడమే మొదటి సహాయమని ఆ ఘటన నేర్పింది.

పడుకునే ముందు పక్కను దులపమని కూడా దైవప్రవక్త (స) చెప్పారు. మన లేకపోతే దానిపైకి ఏమి చేరిందో మనకు తెలియదు గదా! అడవి అంచున నివసించే మనకు ఈ సున్నత్ విలువ ఇంకా బాగా తెలియాలి. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద నిద్రించే వారిని కాటు వేస్తుంది. ఆ కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు. చీమ కుట్టిందనుకొని మళ్ళీ నిద్రపోయినవారు తెల్లవారేసరికి ఊపిరి అందని స్థితికి చేరవచ్చు. మంచం మీద దోమతెర కట్టుకొని, దాని అంచులను పరుపు కిందికి దోపితే దోమ నుండీ, పాము నుండీ రక్షణ ఉంటుంది. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం, మంత్రం కోసం గంటలు గడపడం ప్రాణాంతకం. కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. దుఆ చేయండి, అది దారిలో చేయండి.

పిట్టగోడ లేని డాబాపై నిద్రించేవాడు రక్షణ హామీని తానే వదులుకున్నట్లని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు భావం. స్లాబు వేసి, పిట్టగోడను మరుసటి ఏడాదికి వాయిదా వేసిన ప్రతి ఇంటి యజమాని ఈ మాటను తన ఇంటికే చెప్పినట్లు భావించాలి.

ముందుగా వచ్చే హెచ్చరిక ఒక కారుణ్యం

సూరా నమ్ల్ 18వ ఆయత్‌లో ఒక చీమ, సులైమాన్ (అలై) సేనలు రావడం చూసి, తోటి చీమలను గూళ్ళలోకి వెళ్ళమని హెచ్చరించింది. అంత చిన్న ప్రాణి పలికిన హెచ్చరికను అల్లాహ్ తన గ్రంథంలో భద్రపరచాడు.

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పొంగింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి లోతట్టు కాలనీలను ముంచింది. ఆనాడు ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి ఒడ్డుకు చేర్చాడు. అతని సాహసానికి అల్లాహ్ ప్రతిఫలం ప్రసాదించుగాక! కాని మనం హెచ్చరికను పెడచెవిన పెట్టి, ఇతరులు ప్రాణాలు పణంగా పెట్టే స్థితిని తీసుకురాకూడదు. పట్టా కాగితాలు, ఆధార్, రేషన్ కార్డులు, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో వానాకాలమంతా సిద్ధంగా ఉండాలి. కదలమన్నప్పుడు కదలాలి. మెయిన్ స్విచ్ ఆపి వెళ్ళాలి. తిరిగి వచ్చాక గోడలు ఆరి, ఎలక్ట్రీషియన్ పరీక్షించే వరకు దానిని వేయరాదు.

నష్టపోవద్దు, నష్టపరచవద్దు

ఇతరులకు హాని కలిగించరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న ప్రవక్త బోధను ఇబ్నె మాజా గ్రంథం భద్రపరచింది. మన జిల్లాల పల్లెల్లో అడవి పందుల కోసం చేలకు కరెంటు తీగలు పెట్టే దురాచారం ఉంది. ఆ తీగకు పంది ఎవరో, వేకువన నీళ్ళు కట్టడానికి వెళ్ళే పొరుగు రైతు ఎవరో తెలియదు. అది చట్టరీత్యా నేరం, షరీఅత్ దృష్టిలో ప్రాణహాని. ఇంట్లో కూడా బట్టలారేసే ఇనుప తీగ దండెం సర్వీసు వైరుకు తగిలితే అదే ముప్పు. ఈ వారమే దానిని తీసివేసి, ప్లాస్టిక్ తాడు కట్టండి. పత్తికి, మిరపకు వాడే పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచకండి; తాళం వేసిన పెట్టెలో, పిల్లల చేతికి అందని చోట ఉంచండి.

2025 మార్చి 26న భద్రాచలం పట్టణంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి పనివారు ప్రాణాలు కోల్పోయారు. ఇల్లు కట్టేవాడు తన కుటుంబానికే కాదు, దానిపై నిలబడి పనిచేసే తాపీమేస్త్రీ కుటుంబానికి కూడా అల్లాహ్ ఎదుట జవాబుదారి.

నేరం ఏ గుమ్మం గుండా వస్తుంది?

దొంగ తలుపు గుండా వస్తాడని మనకు తెలుసు. అందుకే తాళం వేస్తాం. ఊరికి వెళ్ళేటప్పుడు పక్కింటి వారికి చెప్పి, పోలీసు స్టేషనులో తెలియజేయడం మంచిది. పొరుగువాడు ఎవని కీడు నుండి నిశ్చింతగా ఉండలేడో అతడు విశ్వాసి కాడని దైవప్రవక్త (స) ప్రమాణం చేసి చెప్పారు. నిశ్చింతగా ఉన్న పొరుగు ఇల్లు ఏ తాళానికైనా మిన్న.

అయితే కొన్ని నేరాలు ఫోను గుండా వస్తాయి. డిజిటల్ అరెస్టు అన్నది మన దేశ చట్టంలో లేనే లేదు. ఓటీపీ అడిగేవాడు, వీడియోలో పోలీసు దుస్తులతో బెదిరించేవాడు మోసగాడే. డబ్బు పోతే సిగ్గుపడి దాచక, తక్షణమే 1930కి ఫోన్ చేయాలి.

మరి కొన్ని నేరాలు మన బిడ్డ సంచిలో వస్తాయి. ఒడిశా సరిహద్దు నుండి హైదరాబాదు వైపు తరలే గంజాయి భద్రాచలం దారిలో తరచుగా పట్టుబడుతూ ఉంది. ఒక్క ప్రయాణానికి వేల రూపాయలు ఇస్తామని యువకులకు ఆశ చూపుతారు. 1985 నాటి చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయితో దొరికితే కనీసం పదేళ్ళ జైలు. కొడుకు చేతిలో కొత్త బండి, కొత్త ఫోను కనబడితే అవి ఎక్కడివని అడగడం అనుమానం కాదు, కాపరి బాధ్యత. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి ప్రశ్నించబడతారన్నది ప్రవక్త (స) బోధ.

ఇంకొక నేరానికి గుమ్మం అవసరమే లేదు. అది లోపలే ఉంటుంది. భార్యపై చేయి చేసుకునే ఇంటికి ఎన్ని తాళాలు వేసినా అది సురక్షితమైన ఇల్లు కాదు. దైవప్రవక్త (స) ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. బాధలో ఉన్న సోదరీమణులు 181కి, పిల్లల కోసం 1098కి ఫోన్ చేయవచ్చు. అది ఇంటి పరువు తీయడం కాదు, ప్రాణం నిలపడం.

చివరిగా ఒక హెచ్చరిక. భద్రత పేరుతో అన్యాయం చేయరాదు. మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చే కూలీలను, అడవిలో గూడెం కట్టుకున్న గుత్తికోయలను కేవలం కొత్త ముఖాలని దొంగలుగా చూడకండి. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో పాకిన పుకార్లు తెలంగాణలో అమాయకుల ప్రాణాలు తీశాయి. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించమని సూరా హుజురాత్ 6వ ఆయత్, అనుమానాలకు దూరంగా ఉండమని 12వ ఆయత్ ఆదేశిస్తున్నాయి. సందేహముంటే 112కు ఫోన్ చేయండి. తీర్పు మీరు చెప్పకండి.

సోదరులారా! నేటి రాత్రి ఇషా తరువాత ప్రతి ఇంట్లో ఒకరు లేచి ఒక్కసారి ఇల్లంతా తిరిగి చూడండి. రెగ్యులేటరు కట్టారా, కాయిల్ ఆర్పారా, పక్క దులిపారా, తలుపు గడియ వేశారా? బిస్మిల్లాహ్ అని చేసే ఆ నాలుగు పనులు సున్నత్ అనుసరణ అవుతాయి, పుణ్యంగా వ్రాయబడతాయి. ఆ తరువాత కూడా ఏదైనా జరిగితే, అప్పుడు “తఖ్దీర్” అనే మాటను నిర్మలమైన మనసుతో పలకగలం.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను అగ్ని నుండి, వరద నుండి, విషపు పురుగుల నుండి, దుర్మార్గుల నుండి కాపాడు. మా చేతుల వల్ల, మా నిర్లక్ష్యం వల్ల ఏ పొరుగువాడికీ కీడు కలగనీయకు. నీవు అప్పగించిన అమానత్‌ను నిలుపుకొనే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.