మురికి ఇంటిదా, మున్సిపాలిటీదా?

మనుషులు ఉండటానికి పనికిరాని ఇల్లు ఏది? ఢిల్లీ వంటి కేంద్రపాలిత ప్రాంతాల కోసం పార్లమెంటు 1956లో చేసిన మురికివాడల చట్టం దీనికి ఒక జాబితా ఇచ్చింది: శిథిలమైన గోడలు, కిక్కిరిసిన జనం, ఇరుకు సందులు, గాలీ వెలుతురూ పారిశుద్ధ్యమూ లేకపోవడం. వీటివల్ల ఆరోగ్యానికే కాదు, నైతికతకూ హాని అని చట్టం భావించింది. డ్రైనేజీ లేదని రాసుకున్నారు గానీ, ఎందుకు వేయలేదని అడగలేదు. సర్కారు వేయని మోరీ బస్తీ లక్షణమైపోయింది.

ఆ బస్తీల్లో ఎవరుంటారు? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మురికివాడల జనాభా సుమారు 6.5 కోట్లు. పట్టణ జనాభాలో దళితులు 12.6 శాతమైతే, మురికివాడల్లో 20 శాతానికి పైనే. ఊళ్లో వాడను విడిగా ఉంచిన కులమే పట్నంలోనూ పనిచేస్తోందని మేము అనేది అందుకే. 'మురికివాడ' అనే సర్కారీ మాటలో ఆ వాడ ఇంకా ఉంది.

ప్రభుత్వాలు ఇప్పటిదాకా రెండు దారులు పట్టాయి. మొదటిది కూల్చి కట్టడం. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వేసింది, కొత్త ఇళ్లూ కట్టింది. రెండోది ఉన్నచోటే బాగుచేయడం. 1967లో అదే నగరంలో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్యక్రమం బస్తీవాసులతో కలిసి పనిచేసింది. 1980లలో బ్రిటిష్ సాయంతో నల్లాలు, మోరీలు, సిమెంటు బాటలు వచ్చాయి. తర్వాత విశాఖ, విజయవాడలకూ ఈ పద్ధతి వెళ్లింది. పట్టా చేతికొస్తే ఖాళీ చేయిస్తారన్న భయం తగ్గుతుంది. అప్పుడు రేకుల ఇంటిని స్లాబు ఇల్లుగా మార్చుకోవడానికి కుటుంబం తన డబ్బే పెడుతుంది.

2001లో వాంబే, 2005లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం, 2015లో పీఎంఏవై వచ్చాయి. నిధులు ఎక్కువగా కొత్త ఇళ్ల వైపు మళ్లాయి. నగరం నడిబొడ్డున భూమి ఖరీదు, అందుకే పెద్ద కాలనీలు శివార్లకు పోతున్నాయి. 2023లో ప్రారంభమైన కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీలో 15 వేలకు పైగా ఇళ్లున్నాయి. అది ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఉంది. తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే కార్మికురాలికి, నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లికి ఇల్లంటే పనికి దగ్గర ఉండటం కూడా. గోడలు గట్టివైనా కూలి పోతే ఆ ఇల్లు నిలబడదు.

మరుగుదొడ్ల సంగతీ ఇంతే. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం, అపరిశుభ్ర మరుగుదొడ్లను సర్వే చేసే బాధ్యత స్థానిక సంస్థలకు అప్పగించింది. మార్చే ఖర్చును మాత్రం ఇంట్లో ఉన్నవారి మీదే పెట్టింది. వీధిలో మురుగు లైనే లేకపోతే వారు దేనికి కలుపుకోవాలి?

కాబట్టి బస్తీకి నోటీసు వచ్చిన రోజున మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ బస్తీ నోటిఫైడ్ జాబితాలో ఉందా? పట్టాలు ఇచ్చారా? మరుగుదొడ్ల సర్వే జరిగిందా? మురుగు లైను ఎందుకు వేయలేదు? ఉన్నచోటే బాగుచేయడం ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పారా? జీవనోపాధి జీవించే హక్కులో భాగమని ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అదే తీర్పు పేవ్‌మెంటు వాసుల తొలగింపును పూర్తిగా ఆపలేదన్నదీ గుర్తుంచుకోవాలి. అందుకే కోర్టు మెట్లెక్కే ముందే ఈ ప్రశ్నలు వార్డు ఆఫీసులో దరఖాస్తుగా పడాలి, రసీదు మన చేతిలో ఉండాలి.