నీరు లేని కూలెంటుకు డెల్టా శివారులో చోటెంత?

ఇంజన్‌లో మండిన ఇంధనం ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలిన దానిలో చాలా భాగం పొగగొట్టం గుండా పోగా, తక్కినది సిలిండరు గోడలకూ హెడ్‌కూ ఎక్కుతుంది కనుక, దాన్ని ఎప్పటికప్పుడు రేడియేటరుకు చేర్చే ద్రవం లేకపోతే ఇంజన్ త్వరలోనే పట్టేస్తుంది. ఆ పనికి మొదటినుంచీ నీరే ఆధారం కాగా, నీటి చుక్క కూడా కలపని కూలెంటు మోటారు సైకిళ్లకూ, రోడ్డు లేని చోట తిరిగే వాహనాలకూ మేలన్న ప్రచారం ఇప్పుడు వినిపిస్తున్నది. డెల్టా శివారున ఉన్న కృష్ణా జిల్లా బంటుమిల్లి ప్రాంతంలో అలాంటి వాహనాలంటే దమ్ము చక్రాలు తొడుక్కొని బురదలో తిరిగే ట్రాక్టర్లు, మాసూళ్ల వేళ చేలలో దిగే వరికోత యంత్రాలే కాబట్టి, ఆ ప్రచారాన్ని వాటి అవసరాలతో పోల్చి చూడటం ఉపయోగకరం.

వేడిని మోయడంలో నీటికి సాటివచ్చే ద్రవం అరుదు. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల ఉష్ణాన్ని తీసుకుంటుంది. అయితే అది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, రేడియేటరు మూత నిలిపే పీడనం వల్ల ఆ హద్దు 120 డిగ్రీల దాకా పెరిగినా, పొగ బయటికి పోయే వాల్వుల చుట్టూ లోహం అంతకన్నా వేడిగా ఉన్నచోట ఆవిరి పొర ఏర్పడుతుంది. ఆవిరి వేడిని సరిగా మోయలేదు కనుక ఆ చోటు మరింత కాగి, హెడ్ వంకరపోవడానికో గాస్కెట్ పోవడానికో దారితీస్తుంది.

నీటితో వచ్చే రెండో చిక్కు అందులో కరిగి ఉన్న లవణాలు. బంటుమిల్లి, కృత్తివెన్ను, మచిలీపట్నం తీరంలో అనేక గ్రామాల భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది, కాలువ నీరేమో ఒండ్రుతో వస్తుంది. దమ్ము సాగుతున్నప్పుడు రేడియేటరులో నీళ్లు తగ్గితే బోరుదో, కాలువదో, చెరువుదో చేతికందిన నీటిని పోయడం పరిపాటి. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడివడి ఇంజన్ లోపలి గోడలకు సున్నపు పొరగా అంటుకొని ఉష్ణాన్ని అడ్డగిస్తాయి, క్లోరైడ్లు అల్యూమినియం భాగాలను గుంటలు పడేలా తినేస్తాయి. సాధారణ కూలెంటు ఈ హానిని తగ్గిస్తుంది: ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో దాదాపు సగం సగంగా కలిపి, తుప్పును ఆపే రసాయనాలు చేర్చినది అది, పీడనం లేకుండానే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు.

నీరు లేని కూలెంటులో ఆ డిస్టిల్డ్ వాటర్ కూడా ఉండదు. అమెరికాకు చెందిన ఇవాన్స్ సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ ద్రవాల్లో ఇథిలీన్, ప్రొపిలీన్ గ్లైకాళ్లూ తుప్పు నిరోధకాలూ ఉంటాయి. మరిగే స్థానం 190 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుక ఆవిరి పొర దాదాపు ఏర్పడదు, గొట్టాలపై పీడనం తక్కువగా ఉంటుంది, నీటి లవణాలు లేవు కాబట్టి సున్నం పట్టదు. ఈ ఆలోచన కొత్తదీ కాదు: రెండో ప్రపంచ యుద్ధపు తొలినాళ్లలో స్పిట్‌ఫైర్ విమానాల రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లు శుద్ధ గ్లైకాల్‌తోనే నడిచాయి, కాని 1940 నాటి మెర్లిన్ 12 నుంచి పీడనంలో ఉంచిన 70 శాతం నీరు, 30 శాతం గ్లైకాల్ మిశ్రమానికి మారాయి.

మిశ్రమానికున్న అనుకూలత గ్లైకాల్ గుణాల్లోనే తెలుస్తుంది. కిలో గ్లైకాల్ ఒక డిగ్రీకి సుమారు 2.4 కిలోజౌళ్లే మోస్తుంది, ఉష్ణాన్ని ప్రసరింపజేయడంలో నీటితో పోల్చితే సగం కూడా లేదు, పైగా చిక్కన. అందుచేత అదే రేడియేటరు, అదే పంపుతో నడిచే ఇంజన్ లోహం మునుపటికన్నా వేడిగా ఉండే అవకాశం ఎక్కువ. నీరు మరిగి మూత దగ్గర ఆవిరి చిమ్మడం డ్రైవరుకు అందే మొదటి హెచ్చరిక కాగా, మరగని ద్రవం పోసినప్పుడు ఆ హెచ్చరిక మాయమవుతుంది, లోహం మాత్రం కాగుతూనే ఉంటుంది. మరగకపోవడాన్ని వేడెక్కకపోవడంగా భావించడమే ఈ విషయంలో ప్రమాదకరమైన అపోహ.

మోటారు సైకిళ్ల సంగతి వేరు. పల్లెల్లో తిరిగే బళ్లలో అధిక భాగం గాలితో చల్లబడేవే కనుక వాటికి ఏ కూలెంటూ అక్కర్లేదు. 2008లో వచ్చిన యమహా ఆర్15, 2012 నాటి కేటీఎం డ్యూక్ 200, 2023 నాటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 వంటి ద్రవ శీతల బళ్లకే ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఇసుకలోనో బురదలోనో నెమ్మదిగా, గాలి తగలకుండా, ఇంజన్ అధిక భారంతో తిరిగేటప్పుడు, ముఖ్యంగా ఫ్యాను లేని పోటీ బళ్లలో, కూలెంటు మరిగి బయటికి పోయే ముప్పును నీరు లేని ద్రవం నిజంగానే తగ్గిస్తుంది. కాని గ్లైకాల్ కారితే ట్రాక్ జారుతుందన్న భయంతో అనేక రేసింగ్ ట్రాకులు దాన్ని అనుమతించవు.

ట్రాక్టరుకు నీరు లేని కూలెంటు పోయాలంటే పాత నీటిని పూర్తిగా తీసి, ప్రత్యేక ద్రవంతో కడిగి, మిగిలిన నీరు మూడు శాతంలోపు ఉండేలా చూడాలి, ఆ తర్వాత తగ్గినప్పుడల్లా అదే ద్రవాన్ని పోయాలి. దమ్ము మధ్యలో గొట్టం పగిలితే చేను దగ్గర దొరికేది నీరే కనుక, ఒక్క బిందెతో ఖరీదైన ద్రవం పలుచబడి మామూలు మిశ్రమమైపోతుంది, బోరునీరు కలిస్తే ఉప్పు బెడదా తిరిగి మొదలవుతుంది. వరికోత యంత్రాల్లో వేడికి మామూలుగా కనిపించే కారణం రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కునే తాలూ గడ్డి నలుసూ కాబట్టి, లోపలి ద్రవాన్ని ఎంత మార్చినా గాలి ఆడనిదే ప్రయోజనం లేదు. పైగా తియ్యగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ పశువులకూ మనుషులకూ విషం. తీసేసిన కూలెంటును చేపల చెరువులోకో కాలువలోకో వదలకూడదు.

అందువల్ల శివారు రైతు ఖర్చుకు వరుస ఉంది: సీజను ముందు రేడియేటరు రెక్కలు శుభ్రం చేయించడం, మూతనూ బెల్టునూ సరిచూడటం, కంపెనీ సూచించిన, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటునే నింపి అదనంగా ఒక డబ్బా ట్రాక్టరు మీద ఉంచుకోవడం. ఇవన్నీ జరిగి, సరైన ఉష్ణోగ్రత మీటరున్న బండికి, యజమాని కనిపెట్టి చూసుకునే పరిస్థితిలో మాత్రమే నీరు లేని కూలెంటు ఆలోచించదగినది.