మీకు తెలుసా? తణుకు నేల రవ్వంత గట్టిగా లాగుతుంది!

తణుకు కింది నేల, దానికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నేలకంటే కాస్త గట్టిగా మనల్ని లాగుతుంది. పైకి చూస్తే అంతా ఒకే చదును, ఒకే వరిచేను. తేడా అడుగున ఉంది.

ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ మిగతా ప్రతిదాన్నీ లాగుతుందని న్యూటన్ 1687లోనే చెప్పాడు. దూరం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో మీటరు ఎడంగా నిలబడ్డ ఇద్దరు 60 కిలోల మనుషుల మధ్య కూడా ఈ బలం ఉంటుంది. ఎంతంటారా? దోమ బరువులో సుమారు వందో వంతు! బస్సు వచ్చినప్పుడు మీద పడేవాళ్లు దీన్ని సాకుగా చెప్పుకోవడానికి వీల్లేదు.

మనిషి సంగతి సరే, కొండంత రాయి అయితే? డెల్టా ఒండ్రు కింద, పాపికొండల్లో కనిపించే ఖోండలైట్ లాంటి పాత గట్టి రాయి ఉంది. అది ఒకచోట గట్టులా పైకి లేచింది, మరోచోట లోయలా దిగిపోయింది. ఆ లోయల్లో కొన్నిచోట్ల 5 కిలోమీటర్ల మందాన ఇసుక, బురద పేరుకుని రాళ్లయ్యాయి. ఇవి పాత రాయికంటే తేలిక. పూడిపోయిన ఆ గట్టుకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘తణుకు హార్స్ట్’. కింద బరువు రాయి దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ లాగుడు ఎక్కువ.

ఈ తేడాను మిల్లీగాల్‌లలో కొలుస్తారు. 10 మిల్లీగాల్‌ల తేడా వస్తే 100 కిలోల మనిషి స్ప్రింగు కాటా మీద 1 గ్రాము తేడా తూగుతాడు, అంతే. తక్కెడలో అయితే అదీ తెలియదు, తూకపు రాళ్ల బరువూ అంతే మారుతుంది కదా!

ఇంత సున్నితమైన పనికి గ్రావిమీటర్ అనే పరికరం కావాలి. దాన్ని 10 మీటర్ల కొబ్బరిచెట్టు మీదికి ఎక్కిస్తే చాలు, 3 మిల్లీగాల్‌లు తగ్గుతుంది. అందుకే కొలిచిన ప్రతిచోటా ఎత్తు పక్కాగా రాసుకోవాలి. చంద్రుణ్ణీ లెక్కలోకి తీసుకోవాలి. అమావాస్యకూ పున్నమికీ అంతర్వేది దగ్గర పోటు పెంచే సూర్యచంద్రుల లాగుడు ఈ పరికరం అంకెనూ కదిలిస్తుంది.

ఇదంతా దేనికంటే, చమురూ గ్యాసూ లోయల్లో పేరుకున్న ఆ మందపాటి మేటల్లోనే తయారవుతాయి. లాగుడు తగ్గినచోట మేట లోతుగా ఉందని ఊహించవచ్చు. గ్యాస్ ఉందో లేదో మాత్రం గ్రావిమీటర్ చెప్పదు. దానికి భూకంప తరంగాల సర్వే చేయాలి, చివరికి బావి తవ్వాలి. 1978లో ఓఎన్‌జీసీ నరసాపురం దగ్గర తవ్విన తొలి బావిలోనే గ్యాస్ తగిలింది.